అమావాస్య తూకం

కాటా దగ్గరికి మనిషి వస్తే నేను ముందు మొహం చూడను, కాళ్లు చూస్తాను. కౌల్ బజార్‌లో మా ధాన్యం అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టిన రోజే మా నాయన నేర్పిన పాఠం అది. మిరపకాయల బస్తా తూకానికి పెట్టినప్పుడు అమ్మేవాడు మనల్ని మాటల్లో పెట్టి, కాలి బొటనవేలు మెల్లగా ఇనుప పళ్లెం అంచు మీద ఆనిస్తాడు. కాటా ముల్లు ఆ వేలి బరువు కూడా కలిపి చూపిస్తుంది. నాకిప్పుడు అరవై దాటాయి. ఇన్నేళ్లలో ఎందరి కాళ్లో చూశాను గానీ మా చుట్టాల్లో సగంమంది మొహాలు నాకు సరిగా గుర్తుండవు. పెళ్లిళ్లలో ఎవరైనా మరీ ఆప్యాయంగా పలకరిస్తే నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది.

ఇలాంటి మనిషితో మా ఆవిడ ఇన్నేళ్లు కాపురం చేసింది. ఎలా చేశావే అని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు మీద కూడా నాకు అనుమానమే.

మా బజారులో ప్రతి అమావాస్యకూ అంగడి పూజ ఉంటుంది. గుమ్మడికాయ కొడతారు, గల్లాపెట్టెకూ కాటాకూ పసుపూ కుంకుమా పెడతారు. మా అంగట్లో మాత్రం ఇంకో ఆచారం కూడా ఉంది. పూజ అయ్యాక ఇంట్లోవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు బస్తాలు తూచే కాటా ఎక్కాలి. గోదాములో బస్తా బరువు తగ్గిందంటే ఎలుకో పురుగో పడినట్టే గదా, మనిషి బరువు తగ్గినా లోపల ఏదో పడినట్టే అనేవాడు మా నాయన. ఆయనకు తెలిసిన వైద్యం అంతే. చిన్నప్పుడు మేమంతా వరసలో నిలబడి ఎక్కేవాళ్లం. పిల్లలు పెద్దవాళ్లయి ఎవరి అంగళ్లు వాళ్లు పెట్టుకున్నాక, ఆ కాటా ఎక్కేది నేనూ మా ఆవిడే.

ముల్లు కాటా పోయి అంకెలు వెలిగే కాటా వచ్చాక, పాత ఇనుప తూకం రాళ్లకు పని పోయింది. పారేయడానికి మనసు రాక దేవుడి పటం కింద అరలో వరసగా పెట్టాం. అమావాస్య రోజు వాటిని దించి, తుడిచి, ఒక్కో దానికి బొట్టు పెట్టి మళ్లీ వరసలో సర్దేది మా ఆవిడే. నడుము దగ్గర వక్కాకు సంచి దోపుకొని, చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకొని, మొదట ఆ పని ముగించేది. ఆ సంచి వాళ్లమ్మ నుంచి వచ్చిన అలవాటు. వక్కలు, ఆకులు, కళ్లజోడు, మాత్రలు అన్నీ అందులోనే.

రెండేళ్ల కిందట నాకు షుగరు బయటపడింది. ఒళ్లు తగ్గించాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆస్పత్రి మెట్లు దిగుతుండగానే మా ఆవిడ తీర్మానం చేసేసింది. ఆమె నన్ను పిలిచేది "రీ" అని. మా వీధిలో కన్నడం ఇళ్లవాళ్లు మొగుళ్లను అట్లా పిలుస్తారు, ఈమెకూ అదే అబ్బింది.

"రీ, ఇంగ అన్నం పగటిపూటే, అదీ గుప్పెడే. రాత్రికి జొన్నరొట్టె. మీకొక్కరికే గాదు, నాకూ."

"నీకేమొచ్చిందే రోగం?"

"మీరొక్కరే తింటే నాలుగు దినాలు తింటారు. ఇద్దరం తింటే నిలబడతారు."

హచ్చొళ్ళి నుంచి కొత్త బియ్యం లారీ దిగిన రోజు మా అంగడి వాసనే వేరు. ఆ వాసన మధ్య పొద్దంతా కూర్చొని, ఇంటికి పోయి ఎండు రొట్టె కొరుక్కోవడం ఎంత కష్టమో బియ్యం అమ్ముకునేవాడికే తెలుస్తుంది. తెల్లారి లేచి ఇద్దరం నడకకు పోయేవాళ్లం. వచ్చేటప్పుడు మూల హోటల్లో చక్కెర లేని కాఫీ బై టూ. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇస్తారు. సర్వర్ ఎంత సరిగ్గా పోసినా నాకు ఆమె గ్లాసే నిండుగా కనపడేది. గ్లాసులు మార్చుకుంటానంటే మారు మాట్లాడకుండా ఇచ్చేది. అప్పుడు ఆమెకిచ్చినదే నిండుగా కనపడేది.

అమావాస్య వెంట అమావాస్య నా తూకం దిగుతూ వచ్చింది. ప్యాంటు నడుము దగ్గర వదులైంది, డాక్టరమ్మ మెచ్చుకుంది. మా ఆవిడ తూకం మాత్రం కదల్లేదు. అదే రొట్టె, అదే నడక, అదే చక్కెర లేని కాఫీ. అసలే పిడికెడు మనిషి, తగ్గడానికి పెద్దగా ఏమీ లేదనుకో. అయినా గ్రాములైనా తగ్గాలి గదా! ప్రతి అమావాస్యకూ అవే అంకెలు.

నాకు గుట్టు దొరికిందనుకున్నాను. ఈమె నేను అంగడికి పోయాక అన్నం వండుకొని తింటోంది. నెయ్యి కూడా వేసుకుంటోంది. నన్ను రొట్టె మీద నిలబెట్టి తాను హాయిగా ఉంది. ఈ ఆలోచన వచ్చిన రోజు నాకు కోపం కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. ఇన్నేళ్లకు ఆమె ఒక్క తప్పు నా చేతికి చిక్కబోతోంది.

విప్పిన బస్తాలోంచి ఎవరైనా గింజలు తీస్తున్నారేమో కనిపెట్టడానికి మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. పైన చదును చేసి, వేళ్లతో గీతలు గీసి వదిలేస్తాం. ఎవరు చెయ్యి పెట్టినా గీతలు చెరిగిపోతాయి. ఒక పొద్దున ఆమె స్నానానికి పోగానే వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసి, పైన చదును చేసి, నాలుగు వేళ్లతో అడ్డంగా గీతలు గీశాను. పగటి అన్నానికి బియ్యం నేనే ముందుగానే వేరే గిన్నెలో తీసి పెట్టాను. "అబ్బో, ఈ దినం ఏంది, వంటపని కూడా చేస్తాండారు?" అని ఆమె ఆశ్చర్యపోయింది. సాయంత్రం చూస్తే గీతలు గీసినట్టే ఉన్నాయి. మరుసటి రోజూ నేనే బియ్యం తీసి గీతలు గీశాను, అప్పుడూ అంతే. ఆ వారమంతా అంతే.

అయితే బియ్యం కాదు, ఇంకేదో తింటోంది. పక్కింటావిడ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేయడంలో దిట్ట, వాళ్లింటి నుంచి వస్తున్నాయేమో. ఒక మధ్యాహ్నం అంగడి పనివాళ్లకు వదిలేసి ఆటోలో ఇంటికి పోయాను. చెప్పులు బయటే విడిచి, తలుపు చప్పుడు కాకుండా తీసి లోపలికి వెళ్లాను. సొంత ఇంట్లో దొంగలా నడవడం నాకేమీ సిగ్గనిపించలేదు.

మా ఆవిడ చాప మీద పడుకొని ఉంది. పగలు పడుకునే మనిషి కాదు. పక్కన ప్లేటులో సగం తిన్న రొట్టె, మీద ఇంకో ప్లేటు బోర్లించి ఉంది. వంగి, ఆమె నోటి దగ్గర వాసన చూశాను. బెల్లం వాసన గానీ నెయ్యి వాసన గానీ ఏమీ లేదు. ఆమె కళ్లు తెరిచింది.

"ఏంది రీ?"

"దోమ ఉండాది."

"దోమను చూడనీకి అంగడి ఇడిచిపెట్టి వచ్చినారా?"

నేను ఏదో గొణిగి మంచినీళ్లు తాగి తిరిగి వెళ్లిపోయాను. దారంతా ఆ సగం రొట్టే కళ్లలో మెదిలింది. తినే మనిషి అయితే సగంలో ఎందుకు వదిలేసింది?

ఆ రాత్రి రొట్టెలు తడుతుంటే ఆమె చేతుల వైపు మొదటిసారి సరిగ్గా చూశాను. జొన్నపిండి ముద్దను అరచేత్తో కొట్టినప్పుడల్లా గాజులు మోచేతి దాకా పోయి, మళ్లీ మణికట్టు దాటి వేళ్ల మొదళ్ల దాకా జారుతున్నాయి. అవే గాజులు పోయిన తేరు పండగకు కొన్నప్పుడు గాజులామె సబ్బు రాసి, ఆమె అబ్బా అంటుంటే ఎక్కించింది. పొయ్యి వెలుగులో బుగ్గల ఎముకలు కనపడ్డాయి. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. చెయ్యి కూడా కొంచెం వణుకుతోంది. రోజూ ఎదురుగా కూర్చొని తింటూ, ప్లేటులో ఏముందో చూశాను గానీ మనిషిని చూడలేదు.

అప్పుడు భయం వేసింది. కాటా తగ్గలేదంటోంది, గాజులు తగ్గిందంటున్నాయి. రెంటిలో ఒకటి అబద్ధం చెబుతోంది. గాజులకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు గనక, కాటాయే చెడిపోయి ఉండాలి.

మరుసటి రోజే కాటా బాగుచేసే సాయిబును పిలిపించాను. మా నాయన కాలం నుంచి వాళ్లింటివాళ్లే మాకు చూస్తారు. పళ్లెం విప్పాడు, తుడిచాడు, తన రాళ్లు పెట్టి చూశాడు, తీసి మళ్లీ పెట్టాడు.

"కాటా బరాబర్ ఉండాది సేఠ్."

"సరిగ్గా చూసినావా?"

"మీ ముందరే చూసినా గదా. కాటాలో ఏమీ లేదు. మీ దిల్‌లోనే ఏదో గడ్‌బడ్ ఉన్నట్లుండాది," అని నవ్వుతూ సంచి సర్దుకున్నాడు.

నేను నవ్వలేదు. ఆ అమావాస్య వచ్చేదాకా నాకు తిన్నది వంటబట్టలేదు. ఆమెనే నేరుగా అడగొచ్చు. కానీ అడిగితే నిజం చెబుతుందన్న నమ్మకం నాకు లేదు. నా బుద్ధి అంతే, నేనేం చేయను.

అమావాస్య రోజు గుమ్మడికాయ కొట్టడం అయింది, హారతి అయింది. నా తూకం నేను చూసుకొని దిగాను. మా ఆవిడ కాటా ఎక్కింది. నేను వంగి మరీ కాళ్లు చూశాను. రెండు పాదాలూ పళ్లెం నడిమధ్యలో పద్ధతిగా ఉన్నాయి. చేతులు రెండూ పక్కన వదిలేసింది. ఎక్కడా ఏమీ పట్టుకోలేదు. అంకెలు ఆగాయి. ఎప్పటివే. ఆమె దిగి, పటానికి పెట్టిన పువ్వు జారిందంటూ అర వైపు తిరిగింది.

ఆమె అక్కడికి చేరేలోపే నేను అర వైపు చూశాను. వరసలో ఖాళీ కనపడింది. రెండు కిలోల రాయి ఉండాల్సిన చోట రాయి లేదు. దాని పక్కన కిలో రాయి కూడా లేదు. నాకు వీపు పెట్టి ఆమె పువ్వు సర్దింది, చీర సర్దుకుంది, ఇనుము చెక్కకు తగిలిన చిన్న చప్పుడు అయింది. ఆమె పక్కకు జరిగాక చూస్తే వరస నిండుగా ఉంది.

నేను పోయి రెండు కిలోల రాయి చేతిలోకి తీసుకున్నాను. పొద్దున పెట్టిన బొట్టు చెరిగిపోయి ఉంది. మిగతా రాళ్లన్నీ చల్లగా ఉంటే, అది వెచ్చగా ఉంది. మనిషి ఒంటి వెచ్చదనం అది. వక్కాకు సంచి పైన చీర మీద కుంకుమ మరక కూడా కనపడింది.

బస్తాలు మోసే హమాలీలు బయట గుమ్మడికాయ ముక్కలు ఏరుతున్నారు. నేను తలుపు దగ్గరగా వేశాను.

"ఇంగోసారి ఎక్కు."

ఆమె నా చేతిలో రాయి చూసింది. సంచి తీసి గల్లాపెట్టె మీద పెట్టి ఎక్కింది. ఆ అంకెలు చూశాక పక్కనున్న బియ్యం బస్తా మీద కూలబడ్డాను. ఇన్నేళ్లూ ఒక్క గింజ దాటి పోనివ్వలేదని మీసం తిప్పుకున్న అంగట్లోనే, నా కళ్ల ముందే, నా మనిషి ఇంత తరిగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"చాన్నాళ్లాయ. మొదట్ల అరకిలో రాయి సాలుతాండె."

"నాకెందుకు చెప్పలే?"

ఆమె కూడా వచ్చి ఎదురు బస్తా మీద కూర్చుంది. "తెక్కలకోటలో మా అక్కకు ఇట్లనే అయింది గదా. బాగా తిరుగుతా ఉండె. ఆస్పత్రికి పోయి తూకం చూసినారు, తగ్గినావమ్మా అన్నారు, ఆ పరీచ్చ అన్నారు, ఈ పరీచ్చ అన్నారు. మళ్లా మనిషి ఇంటికి రాలే. కాటాలో తగ్గకుంటే సాలు, ఏమీ గాదు అనుకున్యా."

"కాటాను మోసం చేస్తే రోగం పోతాదా?"

"పోదు. నాకు తెలీదా?" కొంచెంసేపు గాజులు తిప్పుకుంది. "ఇంగోటి కూడా ఉండాది. నేను తగ్గినానని తెలిస్తే మీరు రొట్టె ఇడిచిపెట్టి నా చుట్టూ తిరుగుతారు. మీ షుగరు ఇప్పుడిప్పుడే దారికొస్తాండాది. నేను దొంగతనంగా తింటాండానని మీకు అనుమానం. ఆ పంతానికే మీరు నోరు కట్టుకొని ఉండారు."

"నాకు అనుమానమని నీకెట్ల తెలుసు?"

"బియ్యం డబ్బాలో వేళ్ల గీతలు చూడలేదనుకున్యారా? ఆ వారం మా తమ్ముడోళ్లు వస్తే, మీ గీతలు చెరిగిపోతాయని పక్కింట్లో బియ్యం చేబదులు తెచ్చి వండినా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే గెలిచింది. అంగట్లో కూర్చొని ఏడవడం నాకు అదే మొదలు. ఆమె లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "సాకు, సాకు, ఇంగ సాలు. హమాలీలు చూస్తారు," అంది. ఆ చెయ్యి బరువే లేదు.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి తీసుకుపోయాను. ఆటోలో ఆమె నా చెయ్యి వదల్లేదు. రక్తం ఇచ్చాక రిపోర్టు వచ్చేదాకా నేను ఎవరినీ నమ్మలేదు. రక్తం తీసిన అమ్మాయి సీసాలు మార్చేసిందేమో అనిపించింది. డాక్టరమ్మ నవ్వుతూ మాట్లాడితే ఏదో దాస్తోందనిపించింది, నవ్వకపోతే అయిపోయిందనిపించింది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు ఒకటే భయం. ఆమె లేకపోతే నేను ఎవరి గ్లాసుతో నా గ్లాసు పోల్చుకోవాలి? ఇది చిన్న మాటే, కానీ నా ప్రాణమంతా అందులోనే ఉండింది.

గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందని తేలింది. అందుకే ఒళ్లు కరిగిపోతోంది, చేతులు వణుకుతున్నాయి. మాత్రలు వేసుకుంటే దారికొస్తుంది, కాకపోతే ఇంకా ఆలస్యం చేసి ఉంటే గుండె మీదికి వచ్చేదంది డాక్టరమ్మ. నేను రిపోర్టు తీసుకొని ఇంకో ఆస్పత్రిలో చూపించాను. అక్కడా అదే మాట. "ఇంగో ఊరికి కూడా పోదామా?" అని మా ఆవిడ వెక్కిరించింది. నిజానికి నేను అదే ఆలోచిస్తున్నాను.

మాత్రలు మొదలుపెట్టాక వచ్చిన అమావాస్యకు ఆమె కాటా ఎక్కనంది. ఆస్పత్రిలో చూస్తారు గదా, ఇక్కడెందుకంది. భయపడుతోందని అర్థమై నేనూ బలవంతం చేయలేదు. నాకూ భయమే. ఆ తర్వాత ఒక అమావాస్యకు, హారతి కళ్లకద్దుకొని, తానే వచ్చి కాటా పక్కన నిలబడింది.

"చూద్దాం పాండి."

నేను ముందు అర చూశాను. రాళ్లన్నీ వరసలో, బొట్లు చెరగకుండా ఉన్నాయి. సంచి చూపించమన్నాను. తీసి నా చేతిలోనే పెట్టింది. వక్కలు, ఆకులు, కళ్లజోడు. కొంగు దులపమంటే దులిపింది. హమాలీలు నోటికి తువ్వాళ్లు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. మోచెయ్యి పట్టుకొని ఆమెను కాటా ఎక్కించి, దగ్గరగా నిలబడ్డాను.

అంకెలు పరుగెత్తి ఆగాయి. నేను నమ్మలేకపోయాను. ఆస్పత్రిలో చివరిసారి చూసిన దానికంటే బాగా ఎక్కువ. ఇంత మంచి తూకం ఊరికే రాదు. మళ్లీ వంగి ఆమె కాళ్లు చూశాను. మెట్టెలు పెట్టిన పాదాలు నడిమధ్యలోనే ఉన్నాయి. చేతులు ఖాళీ.

"ఇంగ యాడ చూస్తారు రీ?" అని నవ్వింది. నవ్వుతూనే కిందికి చూసింది. నవ్వు ఆగిపోయింది. నాకు మాత్రమే వినపడేలా అంది.

"మీ కాలు తీయండి."

నా కుడికాలి బొటనవేలు పళ్లెం అంచు మీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు. మా అమ్మ తోడు, తెలియదు. వేలు ఊరికే ఆనించినట్టు కూడా లేదు, బలం కొద్దీ నొక్కి పెట్టాను. గోరు తెల్లగా పాలిపోయి ఉంది.

కాలు వెనక్కి తీసుకున్నాను. అంకెలు జారాయి. జారుతున్నంతసేపూ నేను ఊపిరి తీసుకోలేదు. ఆస్పత్రిలో చూసిన దగ్గరికి వచ్చి, దానికి కాస్త పైన ఆగిపోయాయి.

"పెరిగినానా?"

"పెరిగినావు. కొంచెమే."

"కొంచెం సాకు," అంటూ నా భుజం పట్టుకొని దిగింది. "ఇంగ మీరు ఎక్కండి."

నేను ఎక్కాను. ఆమె రెండడుగులు వెనక్కి జరిగి, చీర అంచు కాస్త పైకెత్తి, తన పాదాలు రెండూ కాటాకు దూరంగా ఉన్నాయని నాకు చూపించింది.